అలాయ్ బలాయ్ బటన్

నేను తుడిచే ఆఫీసులో ఒక ఆటల గది ఉంది. అక్కడి టీవీ ముందు రెండు రిమోట్లు చూస్తే నాకు చిన్నప్పటి మాదాపూర్‌లోని వీడియో గేమ్ దుకాణం గుర్తొస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మానాన్నలు కొత్త బిల్డింగుల పనికి పోతే, సెలవుల్లో రోజంతా ఒక్కదాన్నే. నేను చూసిన ఒక ఫైటింగ్ సినిమాలో అన్నదమ్ములు కొట్టుకుని, చివరికి కౌగిలించుకుంటారు. ఆ సినిమా మీద గేమ్ వచ్చిందంటే, ఆ కౌగిలింత కోసమే పోయాను. మేం దాన్ని అలాయ్ బలాయ్ అంటాం.

తమ్ముణ్ని నేను ఆడించాను. ఎదురుగా అన్న ఒక్క దెబ్బా కొట్టకుండా నిలబడ్డాడు. అన్నకు కూడా సినిమా గుర్తుండి, నాకోసమే ఆగాడనుకున్నాను. కానీ ఏ బటన్ నొక్కినా తమ్ముడు తన్నడమే. అన్న కింద పడిపోయాడు.

"అన్నా, అలాయ్ బలాయ్ బటన్ యాడుంది?" అని దుకాణమాయనను అడిగాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. "దీంట్ల తన్నుడే ఉంటది బిడ్డా! ఆ రెండో రిమోట్ పట్టనీకె ఎవరన్న దోస్తును తోల్కరాపో."

తీసుకురావడానికి నాకెవరూ లేరు. అన్న ఆగింది నాకోసం కాదు, అవతల రిమోట్ పట్టుకునే మనిషి లేక.

మా ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు ఆ గదిలో దుమ్ము తుడిచేటప్పుడు, రెండో రిమోట్‌ను కాసేపు చేతిలోనే పట్టుకుని ఉంటాను.