చేసినవాళ్ల కన్నే ముందు

మా వీధిలో నిన్న రోడ్డు వేశారు. డ్రమ్ముల్లో తారు కాగుతున్న వాసనకు ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటే, నేను మాత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ప్రయోగశాలలో అద్దాలు సానబట్టే గదిలో దాదాపు ఇదే వాసన ఉండేది. అక్కడ తారులాంటి నల్లటి జిగురును కరిగించి, దాని మీద గాజును గంటల తరబడి రుద్ది లెన్సు చేస్తారు. ఆ వాసన తగిలిందంటే వీరస్వామి సారు గుర్తుకు రావలసిందే. నన్ను కన్నది అమ్మానాన్నలే గానీ ఇంజనీరును చేసింది ఆయన. ఈ మాట మా నాన్న ముందే అన్నాను. నాన్న నవ్వాడు.

సారుది డోర్నకల్, రైల్వే కుటుంబం. నాది గూడూరు, పత్తి చేల ఊరు. హైదరాబాదులో రక్షణ పరిశోధన చేసే ప్రయోగశాలలో నేను చేరేనాటికి ఆయన మా విభాగానికి పెద్ద. సైనికుల తుపాకుల మీద బిగించే దుర్భిణులు తయారుచేయడం మా పని. మసక వెలుతురులోనూ మంచులోనూ దూరంగా ఉన్నది స్పష్టంగా కనిపించాలి, అంతే. అంతే అనడం తేలిక. అది సాధించేసరికి మా విభాగంలో సగం మందికి జుట్టు నెరిసింది.

సారు కుడి కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉండేది. అది నా పుణ్యమే. నాకు మొదటిసారి అప్పగించిన పని దుర్భిణిలో కన్ను పెట్టి చూసే వైపు అద్దాల అమరిక. పరికరం పొట్టిగా, తేలికగా ఉండాలని నేను తెగ ఆరాటపడి, కన్ను అద్దానికి బాగా దగ్గరగా పెట్టి చూసేలా రూపొందించాను. కాగితాలు చూసి సారు మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"దీన్ని తుపాకి మీద పెట్టి పేల్చి చూసినవా?"

"లెక్క సరిగ్గానే వచ్చింది సార్."

"లెక్క నేను గూడ చూసిన. తప్పు లేదు. కాని లెక్కకు కనుబొమ్మ ఉండదు గద."

ఆ వారమే తుపాకులు పేల్చి చూసే మైదానానికి తీసుకెళ్లారు. పేల్చడానికి శిక్షణ పొందిన మనిషి సిద్ధంగా ఉన్నాడు. సారు ఆయన్ని ఆపి తానే పడుకుని కన్ను పెట్టారు. తుపాకి పేలగానే వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు నేను చేసిన పరికరం అంచు ఆయన కనుబొమ్మను చీల్చింది. ఆయన రుమాలు అదిమిపెట్టుకుని, పాఠం చెబుతున్నట్టే చెప్పారు.

"ఒకసారి దెబ్బ తిన్న కన్ను రెండోసారి ముందే మూసుకుంటది బిడ్డా. కన్ను మూసుకున్నోనికి నువ్వెంత మంచి అద్దమిస్తె ఏం లాభం? కన్నుకు, అద్దానికి నడుమ జాగ పెంచు."

"మీరెందుకు పేల్చారు సార్, ఆయన ఉండగా?"

"కాగితం మీద సంతకం నాది గద. చేసినోళ్ల కన్నే ముందు పెట్టాలె. జవాను కన్ను ఆ తర్వాత."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అవి తెలంగాణ ఉద్యమం ఉరుముతున్న రోజులు. బస్సులు ఉండేవి కావు, రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. మా మనసులన్నీ రోడ్ల మీదే ఉండేవి గానీ కేంద్ర ఉద్యోగులం, జెండా పట్టుకునే వీలు లేదు. బందు రోజున కూడా మా వాళ్లు నడిచి వచ్చి పనిచేశారు. అయినా గడువు దాటింది. సమీక్షకు వచ్చిన ఒక పెద్ద అధికారి, మీ ప్రాంతంలో రోజూ బందులేనటగా, ఇంక పనేం సాగుతుంది, విదేశీ సరుకు కొనేస్తే పీడా పోతుంది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సారు మాత్రం తొణకలేదు. ఆలస్యం ఉద్యమం వల్ల కాదు, మొదటి పరికరాన్ని వద్దన్నది నేనే, కారణం ఇదిగో అని తన కనుబొమ్మ చూపించారు. చివరికి పైవాళ్లు ఒకే ఒక్క అవకాశం ఇచ్చారు. భూపాలపల్లి దాటాక అడవి అంచున, చలికాలపు పొగమంచులో, తెల్లవారుజామున పరీక్ష. నెగ్గితే మాది తీసుకుంటారు. లేదంటే విదేశీది కొంటారు, మా శ్రమంతా బీరువాలోకి పోతుంది.

ముందురోజు పొద్దున సారు, నేను, డ్రైవరు, సీలు వేసిన పెట్టె జీపులో బయలుదేరాం. జనగామ దగ్గర రోడ్డు నిండా పొయ్యిలు. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, నిరసన చెప్పడమన్నమాట. ఒక యువకుడు వచ్చి, "ఇయ్యాల బండ్లు పోవు సార్, పొద్దుగూకేదాక ఇంతే" అన్నాడు. సాయంత్రంలోగా చేరకపోతే పరీక్ష బృందం వెళ్లిపోతుంది. ప్రభుత్వ కార్డు చూపిద్దామన్నాడు డ్రైవరు.

"కార్డు చూపిస్తె భయపడి ఇడుస్తరు. నాకట్ల వద్దు" అని సారు దిగిపోయి పంక్తిలో కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. పాలకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మా విస్తర్లలో వేడి అన్నం పెట్టి, జీపు వైపు చూసింది.

"ఆ పెట్టెల ఏమున్నది కొడుకా?"

"అద్దం అవ్వా. సరిహద్దుల ఉన్న జవానుకు దూరం కనబడే అద్దం. రేపు పొద్దుగాల దానికి పరీక్ష ఉన్నది. పాసుగాకుంటె పరాయి దేశందే కొంటరు."

"ఎవలు జేసిండ్రు?"

"గీ బిడ్డనే. గూడూరు బిడ్డ."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఒకపారి సూపియ్యి మరి."

"సీలేసిండ్రు అవ్వా. ఇప్పితే నా కొలువు ఊడుతది."

పంక్తంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ యువకుణ్ణి పిలిచి, "మన పోరి జేసిన అద్దం మన పొయ్యికాడనే ఆగిపాయెనంటె మనకే నామోషి. గంజు లేపుండ్రి" అంది. నలుగురు గోనెసంచులు పట్టుకుని అన్నం ఉడుకుతున్న ఆ పెద్ద గిన్నెను, గంజును, పక్కకు జరిపారు. పొయ్యిరాళ్లు తీశారు. జీపు దాటగానే రాళ్లు మళ్లీ పేర్చి గంజును ఎక్కించడం నేను వెనక్కి తిరిగి చూశాను. వాళ్ల పోరాటం ఆగలేదు, మా పనీ ఆగలేదు.

తెల్లవారి అడవి అంచున చెట్లు కూడా సరిగా కనిపించనంత మంచు. జవాను సిద్ధంగా ఉన్నాడు. సారు నా వైపు తిరిగి, "ఈసారి సంతకం నీది" అన్నారు. అంతకుముందు మైదానంలో సాధన చేశాను గానీ, ఆ అధికారి చూస్తుండగా పడుకోవడం వేరు. కన్ను పెట్టాను. మంచు అవతల గురి పలక అంచులు పదునుగా కనిపించాయి. పేల్చాను. భుజం అదిరింది, కనుబొమ్మకు ఏమీ తగల్లేదు. రెండోసారి పేల్చినప్పుడు నా కన్ను తెరిచే ఉంది. ఆ తర్వాత జవాను వరసగా పేల్చి, లేచి, ఈ పరికరం తన దగ్గరే ఉంచుకోవచ్చా అని అడిగాడు. బందుల మాట ఎత్తిన అధికారి మా కాగితం మీద మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆ క్షణాన గర్వంతో నా గుండె నిండిపోయింది. దాచుకోవలసిన అవసరం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

తిరుగుప్రయాణంలో జనగామ రోడ్డు ఖాళీగానే ఉంది. పక్కన దీక్షా శిబిరంలో జనం కూర్చున్నారు. సారు జీపు ఆపించారు.

"పో, చెప్పి రా."

"రిపోర్టు ఇంకా పైకి వెళ్లలేదు కదా సార్?"

"పైకి పోయేది నేను రాస్త. పనిచేసిందని ఒక్క మాట చెప్పు, చాలు. గంజు దించిండ్రు మన కోసం."

శిబిరంలో అవ్వ కనిపించింది. "పనిచేసింది అవ్వా" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా, "మన అద్దం పాసైందట" అంది. నీ అద్దం అనలేదు. జీపులోకి వచ్చి ఏడ్చాను. సారు నన్ను చూడనట్టు అటు తిరిగి కూర్చున్నారు.

రాష్ట్రం వచ్చింది. సారు కళ్లారా చూసి, ఉద్యోగ విరమణ చేసి, కొన్నేళ్లకు కన్నుమూశారు. ఇప్పుడు ఆయన కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఏ పరికరం వచ్చినా ముందు నా కన్ను పెడతాను. సంతకం చేసేముందు, దీని సంగతి ఆ జనగామ రోడ్డు మీద నిలబడి అవ్వకు చెప్పగలనా అని నన్ను నేను అడుగుతాను. చెప్పలేననిపించి రెండుసార్లు కలం మూసేశాను. ఆ రెండుసార్లూ పైవాళ్లకు కోపం వచ్చింది. రానీ.