మా ఆయన కాళ్లు, సిగరెట్టు చుట్టే మిషను

మాకు ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు. అలాంటిది ఒక ఆదివారం పొద్దున్న కాలవగట్టు మీద చర్చికి నడుస్తూ మా ఆయన కొబ్బరికాయల ధర అడగడం మొదలుపెట్టారు. కాయలు రాశి పోసి ఉన్న చోటల్లా ఆగి, "వెయ్యి కాయలు ఎలా ఇస్తన్నారండీ?" అంటారు. వాళ్లు చెప్పింది వినరు. కాస్త దూరం నడిచి ఇంకో రాశి దగ్గర మళ్లీ ఆగుతారు.

"అవతల ప్రార్థన మొదలైపోతోంది. మనకెందుకండీ ఈ బేరాలు?" అని విసుక్కున్నాను.

"ఊరికే, తెలుసుకుందావనీ," అన్నారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, చలికాలం. ఆయన మొహం మాత్రం చెమటతో తడిసిపోయి ఉంది.

కొన్ని వారాలకు కాయలు లేనిచోట కూడా ఆగి, వంగి పిక్క పట్టుకున్నారు. అప్పుడు బయటపడింది. కొంచెం నడిచేసరికి పిక్కను ఎవరో పిండేసినట్టు నొప్పి. నిలబడితే పోతుంది, నడిస్తే మళ్లీ వస్తుంది. ఆయనకు అప్పటికి నలభై కూడా లేవు. అమలాపురం కోర్టులో టైపిస్టు. నేను ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మాతోపాటు మా అత్తగారు ఉండేవారు. ఆవిడ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె కొడుకు కాలికి రుద్దారు. ఊళ్లో కాంపౌండరు నరాల బలహీనత అని ఇంజక్షన్లు పొడిచాడు. ఈలోగా కొత్త చెప్పు ఒరుసుకుని కుడికాలి బొటనవేలు పుండైంది. ఆ పుండు మానలేదు. వేలు నేరేడుపండు రంగుకు తిరిగింది. పడుకుంటే నొప్పి ఎక్కువని మంచం అంచున కాలు కిందికి వేలాడేసుకుని కూర్చునేవారు.

అమలాపురంలో డాక్టరు గారు పాదం పైన వేళ్లు పెట్టి చాలాసేపు వెతికారు. పాదానికి కూడా నాడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. "పల్స్ అందడం లేదమ్మా. కాకినాడ తీసుకెళ్లండి," అన్నారు.

కాకినాడ అంటే ఆ రోజుల్లో ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, కోటిపల్లిలో దిగి, మళ్లీ బస్సు. పడవ దిగాక ఇసకలో నడక. ఆ ఇసకలో ఆయన ఎన్నిసార్లు కూలబడ్డారో. అక్కడ సర్జన్ గారు కాలు చూసి, చేతులు చూసి, పసుపు పట్టిన రెండు వేళ్ల దగ్గర ఆగారు.

"సిగరెట్టా?"

"ఆయ్. రోజుకో పెట్టె అండి."

"దీన్ని బర్జర్స్ డిసీజ్ అంటారు. సిగరెట్లు కాల్చే కుర్రవాళ్లకి వస్తుంది. రక్తనాళాలు మూసుకుపోతాయి. మానేస్తే ఇక్కడితో ఆగుతుంది. తగ్గిస్తానంటే కుదరదు, ఒక్కటి కాల్చినా ఆగదు. సిగరెట్లు కావాలో కాళ్లు కావాలో మీరే తేల్చుకోండి."

మా ఆయన తిరుగు పడవ మీదే జేబులో పెట్టె తీసి గోదాట్లోకి విసిరేశారు. నిజంగానే మానేశారు. ఆ మాట ఎవరేమన్నా నేను ఒప్పుకుంటాను. వారాల తరబడి చేతులు వణికేవి, అందరి మీదా కసురుకునేవారు, కోర్టు కాగితాల్లో తప్పులు పడేవి. అయినా ముట్టలేదు. పుండు అంచులు ఎండడం మొదలైంది. డ్రెస్సింగు విప్పినప్పుడల్లా నేను ఏడ్చేదాన్ని, సంతోషంతో.

ఇక మిషను సంగతి చెప్పాలి. మా తమ్ముడు ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు బావగారికి సిగరెట్టు చుట్టుకునే మిషను తెచ్చాడు. జేబులో పట్టే రేకు వస్తువు, అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. లోపల రెండు చిన్న రోలర్లు, వాటి చుట్టూ ఒక గుడ్డ పట్టీ. పట్టీలో పొగాకు వేసి మూత నొక్కి, రెండు బొటనవేళ్లతో తిప్పి, కాగితం దూర్చి, దాని అంచు నాలికతో తడిపి ఇంకోసారి తిప్పితే సిగరెట్టు తయారు. కోర్టులో ప్లీడర్లందరికీ చేసి చూపించి మురిసిపోయారు మా ఆయన. మిషనుతోపాటు ఇచ్చిన కాగితాలు అయిపోయాక అది ఓ ఆటవస్తువులా సొరుగులో పడి ఉంది. సిగరెట్లు మానేసిన రోజున దాన్ని పారెయ్యాలని మా ఎవరికీ తోచలేదు.

పుండు ఎండుతోందని మా చర్చి అయ్యగారికి తెలిసింది. ఆయన మంచివారు, ఈ రోజుకీ అదే అంటాను. వచ్చి, "ఆదివారం సాక్ష్యం చెప్పాలి బాబూ," అన్నారు. దేవుడు మనకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం మాలో మామూలే.

"పుండు పూర్తిగా మానలేదండీ. మానేక చెబుతాను," అన్నారు మా ఆయన.

"మానక ముందే చెప్పడవే కదా విశ్వాసవంటే!"

చెప్పారు. అద్భుతంగా చెప్పారు. ఆఖరున ఒక సిగరెట్టు పెట్టె, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి, "ఇక వీటితో నాకు పని లేదు," అంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కొత్తపేట పిలిచారు, రాజోలు పిలిచారు. కుంటుకుంటూ బస్సెక్కి వెళ్లి చెప్పి వచ్చేవారు. మా చుట్టుపక్కల సిగరెట్లు మానిన మనిషంటే మా ఆయనే. కిళ్లీ కొట్టువాళ్లు కూడా ఆయన్ని చూసి, "దండాలండీ, మీరు గట్టోరండీ," అనేవారు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండదు?

వానాకాలం వచ్చేసరికి పుండు మళ్లీ చెమర్చింది. వేలు నల్లబడింది. గాంగ్రీన్ అన్నారు. వేలు తీశారు. తీసిన చోటు మానలేదు.

"సిగరెట్లు మానేశారా?" అని అడిగారు సర్జన్ గారు.

ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఎప్పుడో మానేసేరండీ! ఊరూరా సాక్ష్యాలు కూడా చెప్పేరు."

సర్జన్ గారు ఆలోచనలో పడ్డారు. "మానేసినవాళ్లకి ఇలా పెరగదమ్మా. నేను వేరే ఏదైనా మిస్సవుతున్నానేమో," అని షుగరు చూశారు, గుండె చూశారు. వి.డి.ఆర్.ఎల్. అని రాశారు. అదేం టెస్టని నర్సమ్మను అడిగితే తల దించుకుని, "తిరుగుళ్లు ఉన్నోళ్లకి చేస్తారండీ," అంది. నా రక్తం కూడా తీశారు. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఆ గదిలో చెయ్యి చాపి కూర్చున్నాను. పక్కనే నిలబడి ఆయన గోడ కేసి చూస్తున్నారు. ఇద్దరికీ నెగటివ్ అని వచ్చింది. అవమానంతో నేను ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత సింపథెక్టమీ చేశారు. నడుం దగ్గర నరం కత్తిరిస్తే కాలి రక్తనాళాలు వదులవుతాయట. పాదం కొన్నాళ్లు వెచ్చబడింది, మేం మళ్లీ ఆశపడ్డాం. తర్వాత నలుపు మడమదాకా పాకింది. ఆంప్యుటేషన్, బిలో నీ అన్నారు, మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చుని నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. మాట నిలబెట్టుకున్న మనిషికి ఈ శిక్ష ఏమిటని.

ఆ రోజుల్లోనే మా అత్తగారు గొడవ మొదలుపెట్టారు. ఆవిడ చుట్ట కాల్చేవారు. లంక పొగాకు కాడలు చూరులో పెట్టుకునేవారు. "అమ్మాయ్, నా పొగాకు ఎవరో కోసుకుపోతన్నారే," అని రోజూ అదే పాట. "పోనీలెండి అత్తయ్యగారూ, ఆ పొగ తగ్గితే ఇంటికి మంచిదేగా," అని నవ్వేసేదాన్ని.

ఆయనకు ఇంట్లో సొంత టైపు మిషను ఉండేది. కాలు తీశాక దాని ముందే కూర్చుని ఊళ్లోవాళ్ల అర్జీలు కొట్టిపెట్టేవారు. వేళ్లున్నంతకాలం బతగ్గలనని ధైర్యం చెప్పేవారు. అంతలో ఎడమచేతి వేళ్ల కొసలు పాలిపోవడం మొదలైంది. నీళ్లు తగిలితే నీలం తిరిగేవి. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే దుమ్ము దులుపుదామని టైపు మిషను మూత ఎత్తాను. మూత లోపల ఒక గుడ్డ సంచి. అందులో మా తమ్ముడు తెచ్చిన ఆ రేకు మిషను. కార్బను కింద పెట్టే పల్చటి కాపీ కాగితం, వేలెడు వేలెడు ముక్కలుగా శుభ్రంగా కోసి ఉంది. మా అత్తగారి పొగాకు. ఆ కాపీ కాగితానికి జిగురుండదు కదా, మెతుకుతో అంటించేవారు. ఒక మెతుకు రోలరుకు ఎండిపోయి అతుక్కుని ఉంది.

ఆయన కళ్లు తెరిచారు. నా చేతిలో ఉన్నదాన్ని చూశారు.

"ఎప్పట్నించండీ?"

"రాజోల్నించి. సాక్ష్యం చెప్పి బయటికొచ్చేను. అంతమంది చేతులు పట్టుకుని ఏడిచేరు. నాకు ఒళ్లంతా వణుకొచ్చేసింది. కాల్చకుండా ఉండలేకపోయేను. ఏ కొట్టుకెళ్లి కొనుక్కుంటాను? అందరూ ఎరుగున్నోళ్లే. ఇది గుర్తొచ్చింది."

"డాక్టరు గారు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పేసేవుగా."

మిషను ఆయన ముందు పెట్టాను. "నా రక్తం తీసిన రోజున కూడా..."

"ఆయ్," అన్నారు.

ఇది చదివేవాళ్లు, నీ వల్లే చెప్పలేకపోయాడని నన్ను అనొచ్చు. కొందరు అన్నారు కూడా. నేను ఆ తప్పు మోయను. దాచింది ఆయన. నా కోపం ఇంకా చల్లారలేదు.

మర్నాడే ఆయన్ని కాకినాడ తీసుకెళ్లి ఆ మిషను సర్జన్ గారి బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు దాన్ని తీసి బొటనవేళ్లతో ఒకసారి తిప్పారు. పట్టీ చుట్టూ తిరిగింది. "ఇది ముందే తెలిసుంటే మీ నడుం కొయ్యకపోదును," అన్నారు. కాలు ఉండేదా అని అడిగాను. "ఉండేదేమో. ఇప్పుడు చెప్పలేనమ్మా." తర్వాత నన్ను చేత్తో ఆపి, మా ఆయన వైపు తిరిగారు. మానేశారా అని అడగలేదు.

"ఇవాళ ఎన్ని?"

"రెండండీ."

మిషను నాకు తిరిగిచ్చేస్తూ, "పారేసినా ఇంకోటి దొరుకుతుంది. దాచద్దని మాత్రం చెప్పండి," అన్నారు.

సంగతి తెలిసి అయ్యగారు వచ్చారు. చాలాసేపు కూర్చుని, ప్రార్థన కూడా చెయ్యకుండా లేచి వెళ్లిపోయారు. చేతులు పట్టుకుని ఏడ్చినవాళ్లు మా ఇంటి ముందు నుంచి మొహం తిప్పుకుని వెళ్లేవారు.

నిజం బయటపడ్డాక అంతా బాగుపడిందని రాయగలిగితే ఎంత బాగుండేది! మా చర్చిలో సాక్ష్యమంటే చివర్లో జయం ఉండాలి. ఇందులో లేదు. ఆయన మానలేకపోయారు. నెలల తరబడి మానారు, మళ్లీ మొదలుపెట్టారు. ఎడమకాలు కూడా పోయింది. ఎడమచేతి వేళ్లు కొసల నుంచి పోవడం మొదలైంది. నా కళ్లెదురుగానే కూర్చుని ఆ మిషనులో పొగాకు వేసుకుని తిప్పేవారు. నేను చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు ఎడమ బొటనవేలికి స్పర్శ లేక మిషను జారి, పొగాకంతా ఒళ్లో పడింది. ఆయన దాన్ని ఏరుకుని మళ్లీ వేశారు, మళ్లీ జారింది. అప్పుడు మిషను నా వైపు చాపారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి దగ్గర కూర్చుని చచ్చిపోవాలనుకున్నాను. తర్వాత వచ్చి ఆ మిషను తీసి కిటికీలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే తుప్పు పట్టి ఉంది.

మా అత్తగారు పోయారు. ఆయనిప్పుడు పొద్దంతా అరుగు మీద కూర్చుంటారు. ఎడమచేతి వేళ్లన్నీ పోయాయి, రోగం కుడిచేతికీ పాకి మూడు వేళ్లే మిగిలాయి, వాటితో టైపు కొడతారు, నెమ్మదిగా. దారిన పోయేవాళ్లెవరో జాలిపడి బీడీ వెలిగించి నోట్లో పెడతారు. వాళ్లను తిట్టే ఓపిక నాకు లేదు. ఆ మూడు వేళ్లూ ఎంతకాలం ఉంటాయో సర్జన్ గారు చెప్పరు, నేను అడగను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో పొగ మానాల్సిన రోగి ఉంటే, "మానేశారా?" అని అడగకండి. మనకేం జవాబు కావాలో ఆ ప్రశ్నలోనే ఉంటుంది, వాళ్లు అదే ఇస్తారు. "ఇవాళ ఎన్ని?" అని అడగండి. ఎంత చెప్పినా మొహం మార్చకండి. ఆ చెప్పింది చెప్పినట్టు డాక్టరుకు చేరనివ్వండి. ఇది మా కాళ్లు పోయాక తెలిసింది, మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

ఇది రాస్తూ మధ్యలో అరుగు మీదికి వెళ్లి అడిగాను.

"ఇవాళ ఎన్నండీ?"

"ఒకటి."

సరేనని లోపలికొచ్చి కలం పట్టుకున్నాను. అరుగు మీంచి పిలిచారు.

"ఏవే, పేపర్లో వేస్తారా అది?"

"ఏమో. వేస్తే వెయ్యొచ్చు."



"అయితే రెండని రాయి," అన్నారు.