బావమరిది మోకాలు

ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు యజమానులు మారారు, కోచ్‌లు ఎంతమంది మారారో లెక్కే లేదు. సీజన్‌కు ముందు ఆ జట్టు బలాబలాల గురించి పత్రికలో రాసే మనిషి మాత్రం మారలేదు. ఆటగాళ్లు ఆయన్ని జోస్యాలాయన అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ స్టేడియంలో పై వరుసలో, విరిగిన కుర్చీల మధ్య ఒంటరిగా కూర్చుని, బంతిని వదిలేసి ఆటగాళ్ల పాదాలు చూసేవాడు.

ఆ ఏడు జట్టును చూసేసరికి ఆయనకు ఆశ సన్నగిల్లింది. నిరుడు జట్టును ఒంటిచేత్తో లాక్కొచ్చిన కెప్టెన్ వేరే క్లబ్బుకు వెళ్లిపోయాడు. అతని బదులు తెచ్చినవాడు నిచ్చెనంత పొడుగు. కానీ బంతి చేతికొచ్చాక ఏం చేయాలో వాడు ఆలోచించుకునేలోగా ఎదుటివాళ్లు లాక్కుపోయేవారు. చక్కటి పాసులిచ్చే కుర్రాడొకడు ఉన్నాడు గానీ, అందుకునేవాళ్లు కావాలిగా. కొత్త కోచ్ నిన్నమొన్నటిదాకా బడిపిల్లలకు నేర్పినవాడు. ఈల ఊదడానికి కూడా మొహమాటపడుతున్నాడు. ఇక మిగిలింది ఒకే ఒక్కడు, బంతిని ముందుకు నడిపించే గార్డు, జట్టులో అందరికంటే పెద్దవాడు. ఆటంతా అతని చుట్టూ తిరగాల్సిందే.

ఆ గార్డు జోస్యాలాయనకు స్వయానా బావమరిది. అత్తమామలు పోయాక అతన్ని పెంచింది ఈ భార్యాభర్తలే. పెరటి గోడకు ఇనుప రింగు బిగించి, మొదటి బంతి కొనిచ్చింది బావే.

ఆ రోజు ప్రాక్టీసులో బావమరిది గాలిలోకి ఎగిరి కుడికాలి మీదే దిగాడు. మళ్లీ ఎగిరాడు, మళ్లీ అంతే. ఎడమకాలు నేల తాకబోతూ బెదురుతోంది. కోచ్ కళ్లు బంతి మీదే ఉన్నాయి.

అందరూ వెళ్లిపోయాక ఆయన బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లాడు. బావమరిది మోకాలికి ఐసు మూట కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. ఆడొద్దన్నాడు. ఆడితే ముందు ముందు నడక కూడా కష్టమేనట."

"క్లబ్బుకి చెప్పావా?"

"చెప్తే ఇంకేముంది, ఇంటికి పొమ్మంటారు. ఈ ఒక్క సీజన్ బావా. నువ్వు మాత్రం రాయకు."

"నువ్వు నిలబడతావని రాస్తే అబద్ధం. నీ ఊసే ఎత్తకపోయినా అబద్ధమేరా."

"జట్టు గురించి నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో. నా కాలు నాది."

ఇంటికొచ్చి సంగతి భార్యకు చెప్పాడు. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆగలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందండీ. మనింటి సంగతి ఊరందరికీ ఎందుకు?"

"రేపు వాడు కుంటివాడైతే?"

"అయితే నేను చూసుకుంటాను. పెంచినదాన్ని, ఆ మాత్రం చూసుకోలేనా? ఆట పోతే వాడు ఏమైపోతాడో, అది చూడటం నా వల్ల కాదు."

చాటుగా కోచ్ చెవిన వేద్దామా అని ఆలోచించాడు. అది చాడీలు చెప్పడంలా తోచింది. రాస్తే కనీసం కింద తన పేరుంటుంది, నింద కూడా తన మీదే పడుతుంది అనుకున్నాడు. డాక్టరు మాట రాయలేదు. కళ్లారా చూసిందే రాశాడు. పొడుగాటివాడి చేతుల గురించి, కుర్రాడి పాసుల గురించి, కోచ్ మెతకదనం గురించి రాసి, ఈసారి అడుగు నుంచి రెండో స్థానం దక్కితే అదే గొప్ప అన్నాడు. చివర్లో, గార్డు ఎడమకాలు సహకరించడం లేదనీ, అతన్ని సీజనంతా ఆడించడం అతనికే అన్యాయమనీ రాశాడు.

అది అచ్చయిన రోజే క్లబ్బువాళ్లు గార్డును పరీక్షలకు పంపారు. ఆ వారంలోనే జట్టులోంచి తీసేశారు.

బావమరిది ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "వెళ్తున్నానక్కా" అన్నాడు. బావ వైపు చూడనైనా చూడలేదు. ఆమె వీధి చివరిదాకా వెంట వెళ్లి ఒక్కతే తిరిగొచ్చింది. ఆ తర్వాత భర్తతో పోట్లాడలేదు. అన్నం వడ్డించి పక్కగదిలోకి వెళ్లిపోయేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మొదట్లో ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఆ మాట కూడా రుచించలేదు.

సీజన్ అచ్చం ఆయన రాసినట్టే నడిచింది. పొడుగాటివాడి చేతుల్లోంచి బంతులు జారిపోయాయి. కుర్రాడి పాసులు గీత దాటి బయటికి దొర్లాయి. జట్టు సరిగ్గా అడుగు నుంచి రెండో స్థానంలో ఆగింది. ఆఫీసులో తోటివాళ్లు, "గురువుగారూ, అచ్చుగుద్దినట్టు చెప్పారండీ" అని భుజం తట్టారు. ఆయన మంచినీళ్లకని లేచి వెళ్లి చాలాసేపు తిరిగి రాలేదు.

బావమరిదికి ఒక ఫర్నిచర్ గోడౌన్లో సరుకు ఎక్కించే పని చూసుకునే ఉద్యోగం దొరికిందని తెలిసింది. ఎన్నోసార్లు బయల్దేరి సగం దారిలో వెనక్కొచ్చిన జోస్యాలాయన, వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం ఎలాగో అక్కడిదాకా వెళ్లాడు. బావమరిది ఓ కుర్చీ భుజానేసుకుని ఇనుప మెట్లు గబగబా దిగుతున్నాడు. రెండు కాళ్లూ సమంగా పడుతున్నాయి.

"టీ తాగుతావా బావా?"

"వద్దులే. కాలెలా ఉంది?"

"బాగుంది. రోజంతా ఎక్కి దిగుతున్నా నొప్పనేదే లేదు." కుర్చీ కిందపెట్టి దాని మీదే కూర్చున్నాడు. "ఎంత బాగుందంటే, ఆ సీజన్ ఆడేసేవాణ్ణేమో అనిపిస్తుంది. కాస్త నొప్పైనా ఉండుంటే, నువ్వు రాసిందే నిజంలే అనుకుని ఊరుకునేవాణ్ణి. అదీ లేదు."

ఆడకుండా ఉన్నావు కాబట్టే బాగుందిరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మింగేశాడు. బయట లారీ హారన్ కొట్టింది. బావమరిది లేచి, బావ బయటికి వెళ్లేందుకు అట్టపెట్టెల మధ్య పక్కకు తిరిగి దారిచ్చాడు.

ఆయన ఇంటికి వెళ్లి, వాణ్ణి చూసొచ్చానని చెప్పాడు. భార్య చాలాకాలం తర్వాత ఆయన ఎదురుగా కూర్చుంది.

"చిక్కిపోయాడా?"

"లేదు."

"ఇంటికొస్తానన్నాడా?"

"అనలేదు."

"మీరు రమ్మన్నారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె వాన జల్లు లోపలికి కొడుతోందని లేచి కిటికీ మూసింది.