ఓళిగలు లేని ఉగాది

మా చిన్నప్పుడు... ఉగాది పూట మా ఇంట్లో పొయ్యి అవ్వది. ఏడాదంతా జొన్నరొట్టెలు తట్టేది అమ్మే, చారు కాచేది అమ్మే. ఆ ఒక్క పూట మాత్రం అమ్మ వంటింట్లో అడుగు పెట్టేది కాదు. అవ్వ, అంటే నాన్న వాళ్ళమ్మ, పొద్దున్నే తలకు పోసుకుని, కొంగు నడుముకు దోపుకుని ఓళిగలకు సిద్ధమయ్యేది. మీరు బొబ్బట్లు అంటారేమో... మా ఆదోనిలో ఓళిగలే.

అబ్బా, ఆ ఓళిగలు! గోధుమపిండిలో ధారాళంగా నూనె పోసి, పెరట్లో బండ మీద వేసి రోకలితో బాదేది. పిండి సాగీ సాగీ మెత్తబడాలి. ఆ చప్పుడు వినే వీధిలో వాళ్ళు "అవ్వ మొదలుపెట్టిందప్పో" అనుకునేవాళ్ళు. ఉడికిన శనగబేడల, అదే శనగపప్పు, నీళ్ళు వంచి, వాటితో చారు పెట్టేది. ఓళిగ కంటే ఆ చారు కోసం నాన్న కాచుకుని ఉండేవాడు.

యాభైల్లో మాట. నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఆ ఏడు మా మేనత్తకు పెళ్ళయింది. కొత్తల్లుడు హొళగుంద నుంచి మొదటి ఉగాదికి వచ్చినాడు... చూశారా, ఆ రోజులు తలుచుకుంటే నాకు మా ఊరి మాటే వచ్చేస్తుంది! వచ్చాడు. వరండాలో నాన్నతో కూర్చుని ఉన్నాడు. అత్తగారి ఓళిగల గురించి పెళ్ళిలోనే విన్నాడట. అవ్వ సంబరం ఇంతా అంతా కాదు.

అమ్మ నీళ్ళకు బావికి పోయింది. పొయ్యి మీద బేడలు. పెరట్లో అవ్వ, చేతుల నిండా పిండి. వంటింటి గడప ముందు, నాపబండల మీద నేను... గచ్చకాయలు ఆడుకుంటూ.

"పాపా, బేడలు ఉడికినాయేమో సూడు. యేళ్ళతో నలిపితే నలగల్ల, గుజ్జు గాకూడదు."

లేచి చూశాను. నిజంగానే ఉడకలేదు.

"ఇంగా పలుకుండాదవ్వా!"

కాసేపటికి మళ్ళీ అడిగింది. ఆట మంచి పట్టులో ఉంది... లేవలేదు. "ఇంగా పలుకుండాది" అన్నాను. మూడోసారీ అదే మాట. కూర్చున్న చోటి నుంచి కదిలితే ఒట్టు!

మాడు వాసనకు అవ్వ పరుగెత్తుకొచ్చింది. నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. పైన గుజ్జు, అడుగున బొగ్గు. ఇక పూర్ణం లేదు, చారు లేదు.

అప్పుడే బిందె దించుకుని అమ్మ లోపలికి వచ్చింది. అమ్మ చెయ్యి ఎంత గట్టిదో నా వీపుకు తెలుసు.

"ఎవురు మాడ్సింది?"

అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనేలేమ్మా. పొయ్యి మీద పెట్టిందే మరిసిపోయినా."

నేను గచ్చకాయలు ఒళ్ళో దాచుకున్నాను.

అవ్వ మాడని గుజ్జు పైపైన తీసి, బెల్లం వేసి, పాలు పోసి పాయసం చేసింది. ఎంత చేసినా పొగ వాసన పోతుందా? కొత్తల్లుడు మంచివాడు. "ఇర్లి బిడ్రి అత్తె" అని, వాళ్ళ కన్నడంలో పోనీలెండి అన్నట్టు నవ్వి, రెండుసార్లు పోయించుకుని తాగాడు. అవ్వ మాత్రం తల ఎత్తలేదు. అమ్మకేమో తల కొట్టేసినట్టయింది.

అల్లుడు వెళ్ళాక అమ్మ అనేసింది.

"అత్తా, నీకు మతి నిలస్తాల్యా. ఇంగ పొయ్యికాడికి రావాకు. ఒగ తావ కూసో."

అంతే. మరుసటేడు ఓళిగలు అమ్మే చేసింది. అవ్వ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీసింది. రోకలి చప్పుడు వినపడగానే చేతులు ఆపి, కాసేపు విని, మళ్ళీ తీసింది. అమ్మ ఓళిగలు అంచుల్లో మందం. అవ్వ తిని "బాగుండాయి" అంది.

పెళ్ళయి ఎమ్మిగనూరుకు కాపురానికి పోయే ముందు అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, ఏడుస్తూ చెప్పేశాను.

"అవ్వా, ఆ ఉగాదికి నేను లేసి సూడనేల్యా..."

అవ్వ నవ్వింది. "నాకు తెల్దా? రోకలి సప్పుడులో అప్పుడు పట్టించుకోల్యా గానీ, మాడినంక గ్యాపకమొచ్చింది. నీ గచ్చకాయల సప్పుడు ఆగనేల్యా గదే!"

"మరి అమ్మకు సెప్పల్యా ఎందుకు?"

"పండగ పూట, కొత్తల్లుని ముందర దెబ్బలు తింటావని. నేనెట్లా ముసిల్దాన్నే... మరిసినా అంటే ఎవురైనా నమ్ముతారు."

"అమ్మకు నేను సెప్తా. ఈసారి ఓళిగలు నువ్వే సేద్దువు."

"సెప్పాకులే. ఇంగ యాడ సేసేదే..." అని చేతులు చూపించింది. వణుకుతున్నాయి.

అవ్వ వద్దంది కదా అని అమ్మకు చెప్పకుండా ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ... అది సాకు, అప్పటికీ భయమే. అవ్వ పోయింది. అమ్మ బతికినన్నాళ్ళూ, ఉగాది వస్తే చాలు, "మా అత్తకు ఆ పండగప్పుడే మతి తప్పింది" అని అందరికీ చెప్పేది. పక్కనే కూర్చుని వినేదాన్ని. ఇప్పుడు అమ్మా లేదు.

మొన్న ఉగాదికి నేనే ఓళిగలు కాల్చాను. కుక్కర్ మూడు కూతలు కూస్తే బేడలు ఉడికిపోతాయి. "సూడు పాపా" అని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. అబద్ధం చెప్పే పిల్లా లేదు, దాన్ని నెత్తిన వేసుకునే అవ్వా లేదు...

మీ తప్పును మీ ఇంట్లో ఎవరు తమ మీద వేసుకున్నారు? కింద రాయండి. వాళ్ళు ఇంకా ఉంటే ముందు ఇంట్లో చెప్పి, తర్వాతే ఇక్కడ రాయండి. నేను చెప్పాల్సిన మనిషి లేక మీకు చెబుతున్నాను.

అమ్మా... అవ్వకు మతి తప్పలేదు. ఆ పొద్దు నేనే లేచి చూడలేదు.