అత్త జబ్బ మీద జాజు చుక్క

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. మా మామ గొర్రెలు మేపుతాడు. మందకు సూదులు వేసేటప్పుడు, సూది పడిన ప్రతి గొర్రె వీపు మీద ఎర్రటి జాజుతో చుక్క పెడతాడు, మళ్లీ దానికే వేయకుండా.

పోయిన వేసవిలో మార్కాపురం డాక్టరు మామ షుగరుకు వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ పెన్ను రాసిచ్చారు. కొన్నాళ్లకు ఒక ఉదయం అత్తకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు, కళ్లు లోపలికి పోయాయి. ఎండదెబ్బేమో అనుకుని తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే, జబ్బ మీద జాజు చుక్క కనిపించింది. నా చేయి ఆగిపోయింది.

"మామా, ఏంది ఇది?"

"మీ అత్తకూ షుగరే కదమ్మా. నాకు బాగా పనిచేసిందని నా పెన్నుతోనే ఏసినా. సూది మటుకు కొత్తది మార్చినాలే."

ఆటోలో మార్కాపురం తీసుకుపోయాం. సెలైన్ పెట్టించి డాక్టరు మామ వైపు తిరిగారు. "నీకిచ్చిన మోతాదు ఆమెకు ఎక్కువైంది, అందుకే ఈ వాంతులు. పైగా సూది మార్చినా పెన్నులోకి రక్తం చేరి ఉండొచ్చు. ఒకరి పెన్ను ఇంకొకరికి వాడితే రోగాలు అంటుకుంటాయి. ఇద్దరికీ రక్తపరీక్షలు చేయాలి. ఇంకెవరికైనా ఏసినావా పెద్దాయనా?"

మందులు తెస్తానంటూ మామ బయటికి నడిచాడు.

అత్త తేరుకుని ఇల్లు చేరాక, పలకరించడానికి వీధిలో ఆడవాళ్లు వచ్చారు. మామ మంచి చేద్దామనే చేశాడు. ఆ మంచి ఇంకెందరికి చేశాడోననే నా భయం. వాళ్ల ముఖాలు చూడకుండా జబ్బలే చూస్తూ నిలబడ్డాను.

కొంగు సర్దుకుంటున్న పక్కింటి చిన్నమ్మ జబ్బ మీద, సగం చెరిగిన జాజు చుక్క.