మా వదిన గీసిన గాలిపటాలు

పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు ఉంటాయి కదా. నల్లటి గీతలతో ఒక ఏనుగో, పడవో, గొడుగో ఉంటుంది, లోపలంతా తెలుపే. ఆ బొమ్మలు వాటంతటవే పుట్టవు, ఎవరో ఒకరు నడుము నొప్పెట్టేదాకా కూర్చుని గీయాలి. ఆ ఎవరో ఒకరు మా వదిన. పెళ్లికి ముందు నుంచీ అదే పని, అదే ప్రెస్సు, కిటికీ పక్కన అదే బల్ల. చుట్టుపక్కల పిల్లలు పిచ్చి రంగులు పూసి పాడుచేసిన పుస్తకాల్లో సగం ఆవిడ చేతి మీదుగా వచ్చినవే. ఆ సంగతి ఏ పిల్లకీ తెలియదు. తెలియాలని ఆవిడకీ లేదు.

నేను ఆవిడ ఆడపడుచుని. కాబట్టి నేను చెప్పేదాంట్లో కాస్త కారం తగిలితే సర్దుకుపోవాలి. మా రెండు ఇళ్లకీ మధ్య ఒకటే గోడ. నేను బట్టలు కుడతాను. నా మిషను ఆగినప్పుడల్లా అవతలి మాటలు నాకు వినిపిస్తాయి. నేను చెవులు రిక్కించుకుని కూర్చుంటానని వదిన అంటుంది. గోడ పల్చన అని నేనంటాను. ఈ గొడవ ఇప్పట్లో తేలేది కాదు.

వదిన పనికి కొన్ని పట్టింపులున్నాయి. గీత ఎక్కడా తెగకూడదు, బయల్దేరిన చోటికే తిరిగొచ్చి కలవాలి. సందు దొరికితే పిల్లల చెయ్యి అందులోంచి బయటికి పోతుందట. ఏ మూలా క్రేయాన్ మొన కంటే ఇరుగ్గా ఉండకూడదు. అన్నిటికంటే పెద్ద పట్టింపు, గీసేవాళ్లు రంగు ముట్టకూడదు. "రంగు మనది కాదు, వాళ్లది" అంటుంది. ఇన్నేళ్లలో తను గీసిన ఒక్క బొమ్మకైనా రంగు వేసి ఎరగదు. వంట చేసి ఉప్పు చూడనట్టుంది నీ యవ్వారం అని నేనంటే, "చూసేవాళ్లు చూస్తార్లే, నీకెందుకు" అంది.

మా అన్నయ్య అదే ప్రెస్సులో బైండరు. కాగితాలు మడిచి, కుట్టి, అట్ట అంటించి, చివరికి కటింగ్ మిషను కింద పెట్టి మూడు వైపులా అంచులు కోస్తాడు. అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా కట్ట మొత్తం పక్కన పడేసే రకం. ఎవరింటికి వెళ్లినా గోడ మీద క్యాలెండరు వంకరగా కనిపిస్తే సరిచేసి గానీ కూర్చోడు. ఒకరు గీసేవారు, ఒకరు కోసేవారు. వాళ్లిద్దరూ పెద్దగా మాట్లాడుకోగా నేను వినలేదు. మిషను ఆపి విన్నా అంతే.

ఒక ఉదయం అన్నయ్య పళ్లు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. వంగి తీసుకోబోయి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కాలు కొంత నయమైంది గానీ, కుడి చెయ్యి మాత్రం ఒళ్లో ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. మాటా అంతే. ఊ, ఊహూ, మరీ విసుగొస్తే ఒక తిట్టు. ఆ తిట్టు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. డాక్టరుకి కూడా ఒకటి తగిలింది.

వ్యాయామాలు చేయించడానికి ఒక అమ్మాయి స్కూటరు మీద వచ్చేది. మంచి పిల్ల, ఉన్నదున్నట్టు చెప్పేది. మొదటి వారమే వదినని వాకిట్లోకి పిలిచి చెప్పింది.

"ఆంటీ, బాబాయిగారి వేళ్లలో ఇంకా కదలిక ఉంది. ఇప్పుడు వాడితేనే అది నిలబడుతుంది. వాడకుండా వదిలేశారనుకోండి, వేళ్లు ముడుచుకుపోయి బిగుసుకుంటాయి. ఆ తర్వాత నేను కాదు కదా, ఎవరొచ్చినా విప్పలేరు."

బంతి నొక్కమంటే అన్నయ్య దాన్ని మంచం కిందకి వదిలేశాడు. గ్లాసు పట్టుకోమంటే తల తిప్పేసుకున్నాడు. బలవంతం పెడితే మనకే తిట్లు. ఆ అమ్మాయి ఆలోచించి, రంగులు వేయించి చూడండి, లావు క్రేయాన్ పట్టుకోవడం వేళ్లకి మంచిది అంది.

"రంగులేసే పుస్తకాలా? మా ఇంట్లో ఇంకేముంది గనక" అంది వదిన. ఆ రోజు ఆవిడ మొహం కాస్త తేటపడింది.

అప్పుడు ప్రెస్సులో గాలిపటాల పుస్తకం పని నడుస్తోంది. ప్రతి పేజీలో ఒక గాలిపటం, దాని కింద పిల్లలు సరదాగా చదువుకోవడానికి ఒక సంగతి. ఆ సంగతులన్నీ యజమాని ఎక్కడెక్కడో ఏరి తెచ్చాడు. వదిన ఆ పని ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన బల్ల వేసుకుని, గీస్తూ అన్నయ్యకి చదివి వినిపించేది. రెండు వేల ఏళ్లకి ముందే చైనాలో గాలిపటాలు ఎగరేశారట. కొన్ని దీవుల్లో ఎండుటాకుతో గాలిపటం చేసి, దానికి గాలం వేలాడదీసి, పడవలో కూర్చుని చేపలు పడతారట. ఒక పెద్ద లోయ మీద వంతెన కట్టాల్సి వస్తే, అవతలి గట్టుకి మొట్టమొదటి దారాన్ని గాలిపటమే మోసుకెళ్లిందట. నేను గోడ ఇవతల నుంచి, మన వీధి చివర కుళాయి నీళ్లు కూడా అలాగే తెప్పించమని చెప్పు వదినా అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మొదటి కాగితం మీద నాలుగు పలకల మామూలు గాలిపటం గీసిచ్చింది. అన్నయ్య కుడి చేతి వేళ్లని వదినే ఎర్ర క్రేయాన్ చుట్టూ మడిచి, తన చెయ్యి కింద ఆనుగా పెట్టింది. అన్నయ్య ఒకసారి లాగాడు. రెండోసారి లాగేసరికి చెయ్యి అదిరి ఎరుపు గీత దాటి బయటికి పోయింది. లోపల పడిన రంగు వంక ఆయన చూడలేదు. బయటికి పోయిన దాన్నే చూశాడు. ఇన్నేళ్లూ అంచులు కోసిన మనిషి కదా, కళ్లు ఇంకెక్కడికి పోతాయి. క్రేయాన్ వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వదిన తప్పు బొమ్మదే అనుకుంది. మర్నాడు పెద్ద బొమ్మ గీసింది. ఆ మర్నాడు పేజీ నిండా ఒకే గాలిపటం, బొటనవేలంత లావు గీత. అయినా ఎరుపు దాటనే దాటింది. దాని చివరి కుచ్చులు తీసేసింది, తోక తీసేసింది, అలా తీసుకుంటూ పోయి చివరికి ఒక సున్నా చుట్టి ఇచ్చింది. అన్నయ్య దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. ప్రపంచంలో ఇంకే ఆడదైనా ఈపాటికి క్రేయాన్లు పక్కన పెట్టి వేరే దారి చూసేది. మా వదినకి తెలిసిన దారి గీతే, ఆ గీతని పట్టుకుని వేలాడింది.

ఒక సాయంత్రం నేను ఆయన పక్కన కూర్చుని చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. వేళ్లు ఒక్కొక్కటీ చాపాను. వదలగానే నెమ్మదిగా మళ్లీ అరచేతిలోకి ముడుచుకున్నాయి. నాకు భయం వేసింది. చిన్నప్పుడు నా జడ లాగిన చెయ్యి, నా చెప్పు తెగితే కుట్టిన చెయ్యి. వంటింట్లోకి వెళ్లి కోపమంతా వదిన మీద చూపించాను.

"ఇక చాలించు వదినా నీ గీతలు. ఆయనకి గీత కనిపిస్తేనే ఒళ్లు మండుతోంది, నీకు అర్థం కావట్లేదా?"

"గీత లేకుండా బొమ్మెలా అవుతుంది?" అంది వదిన.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. గీత లేని కాగితం మీద రంగు అనేది ఆవిడ ఊహకే అందలేదు. వచ్చి నా మిషను ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వదిన ప్రెస్సులో ఉండగా అవతల గరగర చప్పుడైంది. వెళ్లి చూస్తే అన్నయ్య సున్నా గీసిన కాగితాన్ని బోర్లా తిప్పేసి, వెనక తెల్ల వైపు మీద ఎర్ర క్రేయాన్ పెట్టి గీకుతున్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఉన్న కోపమంతా దాని మీద తీర్చుకుంటున్నాడు. క్రేయాన్ విరిగేదాకా ఆగలేదు. కాగితం మీద ఎర్రగా ఏదో పడింది. దాన్ని ఏమంటారో నాకు తెలియదు. నేను ఆపలేదు, నోరూ మెదపలేదు. నాకది అరుదు.

వదిన కాగితం పారేసే మనిషి కాదు. సాయంత్రం దాన్ని తీసి తన కాగితాల దొంతరలో పెట్టింది. మర్నాడు పొద్దున నేను కత్తెర అడగడానికి వెళ్లేసరికి ఆవిడ గాజు పలక కింద దీపం వేసి, పైన పల్చటి కాగితం పరిచి, పుస్తకానికి కొత్త బొమ్మ మొదలుపెట్టబోతోంది. దొంతరలో పై కాగితంతో పాటు కిందిది కూడా వచ్చేసినట్టుంది, అడుగు నుంచి ఎరుపు మెరిసింది. పక్కకి తీసేయబోయి ఆగింది. కాగితాన్ని ఇటు కొంచెం తిప్పింది, అటు కొంచెం తిప్పింది. పై కాగితం తీసేసి, పెన్ను మూత తీసి, ఆ ఎరుపు అంచు వెంబడే గీత పోనిచ్చింది.

రంగు పొడుచుకొచ్చిన చోట గీత కూడా పొడుచుకొచ్చి రెక్క అయింది. లోపలికి తగ్గిన చోట లోపలికే తగ్గింది. విరిగిన క్రేయాన్ నుంచి చెదిరిన చుక్కల్ని ఒక్కొక్కటీ చుట్టి తోకకి ముడులు చేసింది. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసింది. మధ్యలో రెండు పుల్లలు, కింద దారం. పిచ్చి గీకుడు కాస్తా ఎవరో కావాలని చేసిన వింత గాలిపటం అయి కూర్చుంది. రంగు పడిన కాగితం మీద మా వదిన పెన్ను పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంత వంకర గాలిపటం ఎగురుతుందా వదినా?"

"పుల్ల ఒక్కటీ లేనివి కూడా ఎగురుతాయట. యజమాని ఇచ్చిన సంగతుల్లో ఉంది. గాలి నిలబడాలి, తూకం కుదరాలి, అంతే."

దాన్ని తీసుకెళ్లి అన్నయ్య ఒళ్లో పెట్టింది. అన్నయ్య ఎడమ చూపుడు వేలితో అంచు పొడుగునా తడిమాడు, కోసిన కట్టని పరీక్షించినట్టే. రంగు ఎక్కడ బయటికి పోయిందా అని వెతుకుతున్నాడు. చుట్టూ తిరిగొచ్చాడు. ఎక్కడా దొరకలేదు. తలెత్తి వదిన వంక చూశాడు.

"ఊ" అన్నాడు. బల్ల మీది తెల్ల కాగితాల వైపు గడ్డం చూపించాడు.

అప్పటి నుంచి అదే వరస. వదిన పనికి వెళ్లేలోపు ఆయన ఒక కాగితం మీద రంగు వేసేవాడు, ఆవిడ దాని చుట్టూ గీత తిప్పి గాలిపటం చేసేది. సాయంత్రం ఇంకొకటి. పోనుపోను అన్నయ్యకి కొంటెతనం కూడా వచ్చింది. కావాలని ఒక మూలకి పసుపు తోక లాగేవాడు. "ఇక్కడ ఇంత సన్నంగా లాగితే నా పెన్ను ఎలా తిరుగుతుందండీ" అని వదిన విసుక్కుంటే, కదిలే సగం నోటితో నవ్వేవాడు. ఎడమ చెయ్యి సాయం మానేశాడు. ఒక రోజు నా వేలు అందిస్తే కుడి చేత్తో పట్టుకుని నొప్పి పుట్టేదాకా నొక్కాడు. నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గెందుకు, బాగానే ఏడ్చాను.

ప్రెస్సులో పుస్తకం మాత్రం మామూలుగానే అచ్చయింది. నాలుగు పలకల గాలిపటాలు, నీటుగా ఒక్కో పేజీకి ఒక్కోటి. ఇంట్లో బొమ్మలు వదిన యజమానికి చూపించనే లేదు.

ఆ వ్యాయామాల అమ్మాయి సెలవు మీద ఊరెళ్లి, కొన్నాళ్ల తర్వాత వచ్చింది. మంచం పక్కన దొంతరగా ఉన్న కాగితాలు తీసి ఒక్కొక్కటీ చూస్తూ కుర్చీలో కూలబడింది.

"ఇవన్నీ మీరే వేశారా బాబాయిగారూ? ఎంత మెలికల బొమ్మలు, ఒక్కచోట కూడా రంగు గీత దాటలేదే. ఆంటీ, నేను ఈ మధ్య ఎవరి దగ్గరా ఇంత మెరుగు చూడలేదు."

వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. అసలు సంగతి చెప్పబోయి నేను నోరు తెరిచాను. ఆవిడ అటు తిరిగే ఉండి నా కాలు తొక్కింది. ఆ మెప్పు ఆయనకే దక్కనీ అని ఆవిడ ఉద్దేశం. నాకూ అర్థమై ఊరుకున్నాను.

అన్నయ్య ఊరుకోలేదు. తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి చేతిలోంచి కాగితం లాక్కున్నాడు, కుడి చేత్తోనే. వణుకుతున్న వేలు రంగు మీద పెట్టాడు.

"ముందు..." అన్నాడు. మాట కోసం వెతుక్కున్నాడు. మేమెవరం అందించలేదు. "ముందు నేను."

వేలు జరిపి నల్ల గీత మీద పెట్టాడు. మెడ నరాలు పొంగాయి.

"వెనకాల... తను."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఒకసారి నా వంక, ఒకసారి వదిన వంక చూసింది. అన్నయ్య ఇంకా పూర్తి చేయలేదు. గీత వెంబడి వేలు కదిలిస్తూ, ఆ వంకరలన్నీ తిరుగుతూ, ఒక్కో ముక్కా కూడబలుక్కున్నాడు.

"ఎటు... పోయినా."

వదిన ఇటు తిరిగింది. అంతమందిమి ఉండగా కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి.

"మరి మిమ్మల్ని ఒక్కరినే పోనిస్తాననుకున్నారా?" అంది.