నల్ల తేలు కొడుక్కి తిట్లు కావాలి

మెక్సికోలో మా ప్యూబ్లా ఊరి కుస్తీ బరిలో ‘నల్ల తేలు’ది దుర్మార్గుడి వేషం. ముసుగేసుకుని, ఇరవై ఏళ్లు జనం చేత తిట్లు తిని ఇల్లు గడిపాడు. మోకాళ్లు అరిగాక ఆ ముసుగు కొడుకు ఫిదెన్సియోకి ఇచ్చాడు. కొడుకేమో తను పడేసినవాణ్ణి తనే చేయి పట్టి లేపేవాడు. ఒక్కరూ తిట్టేవారు కాదు. ఈ ఆదివారం కూడా ఇంతే అయితే ఇక రావద్దన్నాడు పోటీలు నడిపే ఆసామి.

తండ్రి పక్కింటి యులాలియమ్మ దగ్గరికి వెళ్లాడు. మొదటి వరసలో కూర్చుని తనను అన్నేళ్లూ తిట్టిన మనిషి ఆమె.

“మా వాణ్ణీ కాస్త తిట్టండమ్మా.”

“నా మంచినీళ్ల డబ్బాలు మోసే పిల్లాణ్ణా? నోరెలా వస్తుందయ్యా!”

అయినా ఆదివారం చర్చిలో పూజ కాగానే కుస్తీ హాలుకి వచ్చింది. సిలువ గుర్తు వేసుకుని, చెప్పు తీసి విసిరింది.

“దగుల్బాజీ వెధవా! నీకంటే మీ నాన్నే నయంరా!”

ఫిదెన్సియో ఆ చెప్పు దులిపి, రెండు చేతులా ఆమెకు అందించబోయాడు.

“ఇచ్చావంటే చంపేస్తానొరేయ్!” బరి మూల నుంచి తండ్రి అరిచాడు.

పాపం, వాడు కళ్లు మూసుకుని దాన్ని పైకప్పు కమ్మీల మీదికి విసిరేశాడు. హాలంతా లేచి వాడి ఏడు తరాలనూ తిట్టిపోసింది. తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. యులాలియమ్మ ఒంటి చెప్పుతో ఇంటికి నడుస్తూ, దారి పొడుగునా వాడి కోసం జపమాల చెప్పుకుంది.